జైపాల్ రెడ్డి పార్లమెంటు ప్రసంగాలు: పూర్తి పాఠాలు చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

వరంగల్_చదువరి
లా మూడో ఏడాది చదువుతున్నాను. ఎస్. జైపాల్ రెడ్డి గారి పేరు ఎత్తితే చాలు, అందరూ మొదట అనే మాట "గొప్ప పార్లమెంటేరియన్". 1998 సంవత్సరానికి ఉత్తమ పార్లమెంటేరియన్ అవార్డు వచ్చిందని ప్రతి వ్యాసంలో ఉంటుంది. 2019 జూలై 28న ఆయన పోయినప్పుడు కూడా పార్టీలతో పని లేకుండా అందరూ అదే అన్నారు. సరే, సభలో ఆయన ఏం మాట్లాడారు అని అడిగితే మాత్రం ఎవరూ చెప్పరు. యూట్యూబ్‌లో వెతికితే రెండు నిమిషాల ముక్కలు, పైన ఎర్ర అక్షరాల్లో "దిమ్మతిరిగే కౌంటర్" అని ఒక హెడ్డింగ్. ముందేం జరిగింది, అవతలివాళ్లు ఏమని జవాబిచ్చారు, ఆ బిల్లు చివరికి ఏమైంది, ఇవేవీ ఉండవు.

రెండు విషయాలు తెలుసుకోవాలని ఉంది. పూర్తి పాఠాలు ఎక్కడ దొరుకుతాయి? ఆ మాటల వల్ల నిజంగా ఏమైనా జరిగిందా, లేక ఇంగ్లీషు బాగా మాట్లాడతారనే పేరు మాత్రమేనా?

బెజవాడ_బాబాయ్
మా హాస్టల్లో ఆయన ప్రసంగం పేపర్లో వస్తే పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివేవాళ్లం. సగం మందికి ఇంగ్లీషు అలాగే వచ్చింది. కాబట్టి కనీసం ఆ మేలు జరిగింది అని రాసుకో తమ్ముడూ :)

పాలమూరు_మట్టి
చదువరి తమ్ముడు రెండోది మంచి ప్రశ్న అడిగిండు. నేను కల్వకుర్తి పక్క ఊరోణ్ణి. 1969 నుంచి 1984 దాకా నాలుగు సార్లు మా ఎమ్మెల్యే, తర్వాత 1984లో, 1998లో మహబూబ్‌నగర్ ఎంపీ. ఢిల్లీలో ఎంత మాట్లాడినా మా దగ్గర మనుషులు లారీలెక్కి డ్యాం పనులకు, బొంబాయికి పోవుడు ఆగలే. దేశంలో ఏ ప్రాజెక్టు చూసినా అక్కడ పాలమూరు లేబర్ ఉంటరు, మా చేన్లకు మాత్రం నీళ్లు లేవు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. కానీ అవార్డు ఆయనకొచ్చింది, వలస మాకు మిగిలింది.

పాత_రిపోర్టర్
ఎనభైల చివర్లో ఒక తెలుగు దినపత్రిక తరఫున ఢిల్లీలో పనిచేశాను. ప్రెస్ గ్యాలరీలో కూర్చుని చూసిన మనిషిని కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఆ సభ ఎలా ఉండేదో తెలియాలి. 1984 ఎన్నికల్లో కాంగ్రెస్‌కు నాలుగొందల పైచిలుకు సీట్లు. ప్రతిపక్షంలో అందరికన్నా పెద్ద పార్టీ తెలుగుదేశం, 30 సీట్లు. ఒక ప్రాంతీయ పార్టీ లోక్‌సభలో ఆ స్థానానికి రావడం అదే మొదలు. ఆదిలాబాద్ నుంచి గెలిచిన సి. మాధవరెడ్డి గారు వాళ్ల నాయకుడు. బీజేపీకి రెండే సీట్లు, అందులో ఒకటి మన హనుమకొండ. జనతా పార్టీకి పది. ఆ పదిలో ఒకరు జైపాల్ రెడ్డి, తెలుగుదేశం మద్దతుతో గెలిచారు.

సభలో ఏ చర్చకైనా పార్టీ బలాన్ని బట్టే సమయం పంచుతారు. పది మంది ఉన్న పార్టీకి దక్కేది కొద్ది నిమిషాలు. అందులోనూ పార్టీలో సీనియర్లు ముందుంటారు. మరి ఆయన అంత వినిపించారంటే ఎలా? ప్రశ్నోత్తరాల్లో అనుబంధ ప్రశ్న (మంత్రి జవాబు మీద అక్కడికక్కడే అడిగేది), అప్పటికప్పుడు విషయాలు లేవనెత్తే జీరో అవర్, నిబంధన తప్పారని లేచి చెప్పే పాయింట్ ఆఫ్ ఆర్డర్, మంత్రి మాట్లాడుతుంటే లేచి అడిగే ఒక్క వాక్యం. ఈ సందులన్నీ ఆయనకు కంఠతా వచ్చు. నిబంధనల పుస్తకం తెలియనివాడు గట్టిగా అరిస్తే స్పీకర్ కూర్చోమంటాడు. తెలిసినవాడు ఫలానా నిబంధన కింద లేచానంటే వినక తప్పదు.

బోఫోర్స్ శతఘ్నుల కొనుగోలులో ముడుపుల వ్యవహారం 1987 ఏప్రిల్లో స్వీడిష్ రేడియోతో బయటపడింది. అక్కడి నుంచి రెండేళ్లపాటు ప్రభుత్వాన్ని వదలకుండా నిలదీసిన గొంతుల్లో ఆయనది ముందు వరుస. వాక్యాలు చిన్నవి. ఒక మాట ఎదురుగా దాన్ని పోలిన శబ్దమున్న ఇంకో మాట పెట్టి అర్థం తిరగేసేవారు. అవతలి బెంచీల్లోనూ నవ్వు వచ్చేది. మాకు రాసుకోవడం కష్టంగా ఉండేది, తెలుగులోకి తెస్తే ఆ చమక్కు సగం పోయేది. కానీ చమక్కు తీసేసినా కింద వాదన మిగిలేది. అందుకే ఇప్పటికీ ఆ పాఠాలు చదవొచ్చు.

నడక_ఆగదు
@పాత_రిపోర్టర్ గారూ, ఇంకా రాయండి. ఆపకండి.

నాకు రెండేళ్లప్పుడు పోలియో వచ్చింది. ఆయనకూ చిన్నప్పుడే వచ్చింది, జీవితమంతా చంకకర్రలతోనే నడిచారు. మా నాన్న టీవీలో ఆయన్ని చూపించి "చూడు" అనేవారు, అంతే, ఇంకేమీ చెప్పేవారు కాదు. నాకు నచ్చింది ఏంటంటే ఆయన ప్రసంగాల గురించి మాట్లాడేవాళ్లు ఎవరూ "పాపం, అయినా సరే" అని మొదలుపెట్టరు. వాదన గురించే మాట్లాడతారు. మా బడిలో, తర్వాత ఆఫీసులో నాకు ఎప్పుడూ దక్కనిది అదే. నేను ఏదైనా బాగా చేస్తే ముందు నా కాలు గుర్తొస్తుంది అందరికీ.

డల్లాస్_తెలుగోడు
గొప్ప వక్త, కాదనను. కానీ ఎమర్జెన్సీని వ్యతిరేకించి కాంగ్రెస్ వదిలేసిన మనిషి, 1980లో మెదక్‌లో ఇందిరాగాంధీ మీదే పోటీ చేసిన మనిషి, 1999లో మళ్లీ అదే కాంగ్రెస్‌లోకి ఎలా వెళ్లారు? ముందు పదేళ్లు సభలో అన్న మాటలన్నీ ఏమైనట్టు?

బెజవాడ_బాబాయ్
మెదక్‌లో ఇందిర మీద నిలబడటమే ఒక ప్రసంగం అబ్బాయ్. గెలుస్తానని ఎవరూ అనుకోరు. ఆవిడ రాయబరేలీ, మెదక్ రెండూ గెలిచి మెదక్‌నే ఉంచుకున్నారు.

ఇంకో మాట. 1978లో అసెంబ్లీలో ఆయనా వెంకయ్యనాయుడు గారూ ఇద్దరూ జనతా ఎమ్మెల్యేలు, ఒకే బెంచీ. ఆ జంటను తిరుపతి వేంకట కవులు అనేవాళ్లు. ఒకరు అందుకుంటే ఇంకొకరు పూర్తిచేసేవాళ్లు. 2019లో రాజ్యసభలో సంతాపం చదువుతూ ఛైర్మన్ స్థానంలో ఉన్న వెంకయ్య గారు కన్నీళ్లు పెట్టుకున్నారు. వేర్వేరు పార్టీల్లో నలభై ఏళ్లు కొట్టుకున్నాక కూడా.

నిబంధన_377
చదువరికి మొదటి ప్రశ్నకు జవాబు. పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీ అని ఉంది, ఉచితం. పాత సంపుటాలన్నీ స్కాన్ చేసి పెట్టారు. ఆయన లోక్‌సభలో ఉన్నది 8, 12, 13, 14, 15 సభల్లో. మధ్యలో తొంభైల్లో ఎక్కువ భాగం రాజ్యసభలో ఉన్నారు, దానికి చర్చల సైటు వేరే. వెతికేటప్పుడు పేరు ఇంగ్లీషులో ఇంటిపేరుతో, ఇంటిపేరు లేకుండా రెండు రకాలుగా కొట్టు. పాత స్కాన్లలో అక్షరాలు తేడా పడి వెతుకులాటలో కొన్ని దొరకవు. తేదీ తెలిస్తే తేదీతో వెళ్లడం నయం.

ఇక @పాలమూరు_మట్టి అన్నా, నీ బాధ న్యాయమైనదే. కానీ సాగునీటి ప్రాజెక్టు రాష్ట్రం పని. ఎంపీ సభలో మాట్లాడినంత మాత్రాన కాలువ తవ్వరు. ఎంపీని కాలువతో, ఎమ్మెల్యేని ప్రసంగంతో కొలిస్తే ఇద్దరి లెక్కా తప్పుతుంది.

పాలమూరు_మట్టి
@నిబంధన_377 ఆయన పదిహేనేండ్లు ఎమ్మెల్యే గూడ. ఆ లెక్క ఎవరు చూస్తరు? కృష్ణా నీళ్ల పంపకం కేంద్రం ట్రిబ్యునల్ చేతుల ఉంటది, అది ఢిల్లీ పని కాదా?

నిబంధన_377
అది సరైన పాయింటే. అంతర్రాష్ట్ర జలాలు కేంద్రం దాకా వస్తాయి. అక్కడ ఎంపీ అడగాల్సింది ఉంటుంది.

గోదావరి_శ్రీ
హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతాను. పిల్లలతో ఏటా మాక్ పార్లమెంటు చేయిస్తాం. చేసిన ప్రతిసారీ ఒకటే జరుగుతుంది: ప్రతిపక్షం అనగానే లేచి అరవడం మొదలుపెడతారు. టీవీలో చూసింది అదే కదా. ఒకసారి విసుగొచ్చి నిజమైన ప్రశ్నోత్తరాల కాగితం ప్రింటు తీసి ఇచ్చాను. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్రపు ప్రశ్నలు, వాటికి మంత్రి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. మరో 230 ప్రశ్నలకు రాతలో జవాబు వస్తుంది. కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇదంతా తెలిశాక మా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి మంత్రి వేషం వేసిన అబ్బాయిని అనుబంధ ప్రశ్నతో నోరెత్తకుండా చేసింది. అరుపు లేదు, కాగితాలు చింపడం లేదు. ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి జవాబు చదువుకొచ్చాడు, మర్నాడు మళ్లీ పెట్టమన్నాడు.

నాకు ఆయన గురించి ఉన్న అసంతృప్తి వేరు. అంత బాగా మాట్లాడినవాటిలో తెలుగులో ఎంత ఉంది? పాలమూరులో ఓటు వేసినవాళ్లు ఎంతమంది ఆ ప్రసంగాలు అర్థం చేసుకోగలిగారు?

డల్లాస్_తెలుగోడు
మేడమ్, అక్కడ తెలుగులో మాట్లాడితే వినేవాళ్లు ఎంతమంది? మంత్రికి అర్థం కావాలి కదా ముందు.

నిబంధన_377
రాజ్యాంగం 120వ అధికరణం ప్రకారం సభ హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ నడుస్తుంది. ఆ రెండూ రాని సభ్యుడు మాతృభాషలో మాట్లాడటానికి సభాపతి అనుమతి ఇవ్వొచ్చు. తెలుగు నుంచి అనువాదకులు చాలాకాలంగా ఉన్నారు. రాజ్యసభలో 2018లో వెంకయ్య గారి హయాంలో 22 భాషలకూ ఆ సౌకర్యం పూర్తయింది. రికార్డులో మాత్రం తెలుగు ప్రసంగం ఇంగ్లీషు అనువాదంగానే కనిపిస్తుంది, తెలుగు మాట అందులో ఉండదు. ఈ లోటు గురించి ఎవరూ గట్టిగా అడగరు.

గోదావరి_శ్రీ
అదే నా కడుపుమంట. యాభై ఏళ్ల తర్వాత చదివేవాళ్లకు మనవాళ్లు తెలుగులో ఏమన్నారో దొరకదు.

చేవెళ్ల_ఓటరు
2009లో మిర్యాలగూడ లోక్‌సభ స్థానం పునర్విభజనలో పోయాక ఆయన కొత్తగా ఏర్పడ్డ మా చేవెళ్లకు వచ్చారు. నేను ఓటు వేశాను. ఈ మధ్య ఎంపీల పనితీరు పట్టికలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి కదా, హాజరు ఇంత, ప్రశ్నలు ఇన్ని, చర్చలు ఇన్ని అని. అవి చూసి మావాడొకడు "మన పాత ఎంపీ సున్నా" అన్నాడు. కేంద్రమంత్రి ప్రశ్నలు అడగడు, జవాబులు చెబుతాడు. మంత్రులు హాజరు పట్టీలో సంతకం కూడా చేయరు. అందుకే ఆ పట్టికల్లో వాళ్ల గడులు ఖాళీగా ఉంటాయి. ఖాళీని సున్నా అని చదివితే ఎలా?

అసలు ఆ లెక్కలతోనే నాకు పేచీ ఉంది. ఇప్పటి ఎంపీల్లో ఒకాయన మూడొందల ప్రశ్నలు వేశాడనుకోండి, అందులో ఎన్ని నిజంగా ఏదైనా బయటికి లాగాయి? ఒక్క అనుబంధ ప్రశ్నతో మంత్రిని ఇరుకున పెట్టినవాడికి ఆ పట్టికలో వచ్చేది ఒక్క అంకె.

వరంగల్_చదువరి
అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. డిజిటల్ లైబ్రరీ తెరిచాను, కొన్ని సంపుటాలు దొరికాయి.

ఒక సందేహం. మేం రాజ్యాంగంలో పదో షెడ్యూల్, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం చదువుకున్నాం. 1985 నుంచి విప్ (ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. అంటే ఎవరెంత గొప్పగా మాట్లాడినా ఓట్లు ముందే ఖరారు. ఇక ప్రసంగం ఎవరిని ఒప్పించడానికి?

పాత_రిపోర్టర్
చాలా మంచి ప్రశ్న. ఆ చట్టం వచ్చింది కూడా నేను చెప్పిన ఎనిమిదో లోక్‌సభలోనే, దాదాపు అందరూ ఒప్పుకుని చేశారు. ఫిరాయింపులు చూసి విసిగిపోయి ఉన్నారు.

ప్రసంగం ఓటు మార్చదు, నిజమే. కానీ వేరే పనులు చేస్తుంది. 1988లో పరువునష్టం బిల్లు వచ్చింది. లోక్‌సభలో అంత మెజారిటీ, బిల్లు గెలిచేసింది. బయట పత్రికలవాళ్లం రోడ్డెక్కాం. లోపల ప్రతిపక్షం అన్న మాటలు మాకు ఆయుధాలయ్యాయి, పేపర్లలో అవే అచ్చయ్యాయి. చివరికి ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. సభలో ఓడిపోయిన వాదన బయట గెలిచింది. నేను కళ్లారా చూశాను.

రెండోది, మంత్రి సభలో "పరిశీలిస్తాం", "చర్య తీసుకుంటాం" అన్నాడంటే అది హామీల కమిటీ లెక్కలోకి పోతుంది. నెరవేర్చావా లేదా అని ఆ కమిటీ అడుగుతూనే ఉంటుంది. కాబట్టి మంత్రి నోటి నుంచి ఆ మాట రాబట్టడమే ఒక విద్య. మంచి సభ్యుడు ప్రశ్న వేసేది సమాచారం కోసం మాత్రమే కాదు.

నిబంధన_377
మూడోది నేను కలుపుతాను. స్థాయీ సంఘాలు, అంటే బిల్లులు పరిశీలించే పార్లమెంటు కమిటీలు. 1993 నుంచి శాఖలవారీగా ఉన్నాయి, మొదట 17, 2004 నుంచి 24. అక్కడ విప్ ఉండదు, కెమెరాలు ఉండవు. అక్కడే బిల్లులో వాక్యాలు మారతాయి. కానీ లోపలి చర్చ ఎవరేమన్నారో బయటికి రాదు, నివేదిక మాత్రమే వస్తుంది. గొప్ప సభ్యుల పనిలో పెద్ద భాగం అలా మనకు కనబడకుండా ఉండిపోతుంది.

పాలమూరు_మట్టి
ఇవన్నీ బాగనే ఉన్నయి. పత్రికలోళ్ల బిల్లు పోయింది, సంతోషం. వలసపోయేటోడి కోసం ఏ బిల్లు ఆగింది, ఏ బిల్లు వచ్చింది? పేరు మాత్రం వచ్చింది: 2025 జనవరిలో పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు ఆయన పేరు పెట్టాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఆ పథకంల నీళ్లు మా ఊరికొచ్చిన రోజు నేను గూడ దండ వేస్త.

బెజవాడ_బాబాయ్
@పాలమూరు_మట్టి 2014లో మీ మహబూబ్‌నగర్‌లోనే మూడు వేల లోపు ఓట్లతో ఓడించారు కదయ్యా ఆయన్ని. తెలంగాణ వచ్చిన ఎన్నికల్లోనే. మీ లెక్క మీరు అప్పుడే తేల్చేశారు.

పాలమూరు_మట్టి
తేల్చినం. ఓటు మా చేతిల ఉన్న ప్రసంగం.

డల్లాస్_తెలుగోడు
2014 అన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఫిబ్రవరి 13న సభలో పెప్పర్ స్ప్రే, 18న ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయి మూజువాణి ఓటుతో విభజన బిల్లు పాస్. ఇంత గొప్ప పార్లమెంటేరియన్లు ఉన్న సభలో అదేనా చర్చ?

చేవెళ్ల_ఓటరు
అరవై ఏళ్లు అడిగినదాన్ని తలుపులు వేసి ఇచ్చారని మాకు బాధే. కానీ చర్చ జరగనిచ్చింది ఎవరు, స్ప్రే కొట్టింది ఎవరు?

బెజవాడ_బాబాయ్
మా ఆంధ్ర ఎంపీలను మాట్లాడనివ్వలేదు, సస్పెండ్ చేసి బయట కూర్చోబెట్టారు. అది కూడా రాసుకో.

మోడరేటర్
విభజన మీద ఇప్పటికే పెద్ద థ్రెడ్ ఉంది, అక్కడ కొనసాగించండి. ఇక్కడ ఈ ముగ్గురి పోస్టులు ఉంచుతున్నాను, తర్వాతవి తీసేస్తాను. సభలో మాటలు, వాటి విలువ గురించి ఉండండి.

గోదావరి_శ్రీ
మోడరేటర్ గారు మంచి పని చేశారు. ఒక్కటే చెప్పి వదిలేస్తాను: ఏ వైపువాళ్లమైనా ఆ రోజు సంపుటం తెరిచి చదవాలి. అంత పెద్ద నిర్ణయానికి కాగితం మీద ఎన్ని పేజీల వాదన మిగిలిందో చూస్తే అసలు నష్టం అర్థమవుతుంది. అది రెండు రాష్ట్రాలకూ నష్టమే.

పాత_రిపోర్టర్
@డల్లాస్_తెలుగోడు మీరు ముందు అడిగినదానికి జవాబు బాకీ ఉన్నాను. పార్టీ మారితే పాత మాటలు ఏమయ్యాయి అని. దీనికి ఒక ఉదాహరణ ఉంది, మన తెలుగువాళ్లదే.

ప్రతిపక్షాలు ఎనభైల్లో దూరదర్శన్, ఆకాశవాణి ప్రభుత్వ బాకాలయ్యాయని గోల పెట్టేవి. 1989లో వి.పి. సింగ్ ప్రభుత్వం వచ్చాక సమాచార ప్రసార మంత్రి పర్వతనేని ఉపేంద్ర గారు, తెలుగుదేశం. ఆయన ప్రసార భారతి బిల్లు తెచ్చారు, 1990లో చట్టమైంది. తర్వాత వచ్చిన ప్రభుత్వాలు దాన్ని అమలు చేయలేదు. చట్టం చేసి కూడా అమలు తేదీ ప్రకటించకపోతే అది కాగితమే. 1997లో గుజ్రాల్ ప్రభుత్వంలో ఆ శాఖకు మంత్రి ఎవరు? జైపాల్ రెడ్డి. 1997 సెప్టెంబరు 15 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది, నవంబరులో సంస్థ ఏర్పడింది. ఒక తెలుగాయన సభలో నెగ్గించిన చట్టాన్ని ఏడేళ్ల తర్వాత ఇంకో తెలుగాయన బతికించారు. ప్రతిపక్షంలో అన్నమాటను అధికారంలో నిలబెట్టుకున్న సందర్భంగా దీన్ని చూస్తాను.

ఇప్పుడు దూరదర్శన్ ఎంత స్వతంత్రంగా ఉందో అది వేరే చర్చ.

డల్లాస్_తెలుగోడు
ఇది తెలియదు సార్. ఉపేంద్ర గారిని మేం పూర్తిగా మర్చిపోయాం. కానీ 2004లో అదే శాఖకు ఆయన మళ్లీ మంత్రి అయ్యారు, ఈసారి కాంగ్రెస్‌లో. అప్పుడు ప్రసార భారతికి ఇంకెంత స్వేచ్ఛ ఇచ్చారు? అది కూడా చూడాలి కదా.

పాత_రిపోర్టర్
చూడాలి. అసలు పరీక్ష అదే.

వరంగల్_చదువరి
ఈ మాటతో నాకు దారి దొరికింది. ప్రసంగాలను విడిగా చదివి "అబ్బ ఎంత బాగుంది" అనుకుంటే లాభం లేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అడిగిన ప్రశ్న పక్కన, మంత్రిగా ఉన్నప్పుడు అదే అంశం మీద ఇచ్చిన జవాబు పెట్టి చదవాలి. ఈయనకు రెండూ పుష్కలంగా ఉన్నాయి. సమాచార ప్రసారాలు రెండుసార్లు, పట్టణాభివృద్ధి, పెట్రోలియం, తర్వాత సైన్స్ శాఖ. బోఫోర్స్ అప్పుడు పత్రాలు సభ ముందు పెట్టమని అడిగిన మనిషి, మంత్రిగా తనను పత్రాలు అడిగితే ఏమన్నారు? దీని మీద సెమినార్ పేపర్ రాస్తాను.

నడక_ఆగదు
పెట్రోలియం కాలం తప్పకుండా చూడు తమ్ముడూ. 2011 జనవరి నుంచి 2012 అక్టోబరు దాకా. కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్ ధర మీద, ఉత్పత్తి తగ్గడం మీద అప్పుడు సభలో ప్రశ్నలు చాలా వచ్చాయి. గడువుకు ముందు ధర పెంచడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆ తర్వాత శాఖ మార్చినప్పుడు ప్రతిపక్షాలు ఎందుకు మార్చారని నిలదీశాయి. ఆయన బయట పెద్దగా మాట్లాడలేదు. ఒక గొప్ప వక్త మాట్లాడకుండా ఉన్న చోటు కూడా చదవాల్సిందే. పైగా మన గోదావరి తీరం గ్యాస్ అది.

చేవెళ్ల_ఓటరు
శాఖ మార్పు మీద ఎవరి అనుమానాలు వాళ్లవి. రికార్డులో ఉన్న జవాబుల వరకే పేపర్లో పెట్టు చదువరీ. ప్రొఫెసర్ అడిగితే చూపించగలగాలి.

నిబంధన_377
దానికి ముందు ఒక్క చర్చ మొత్తం చదువు, మొదటి నుంచి చివరి దాకా, ఆయన ఒక్కడిదే కాకుండా. నా సలహా 1999 ఏప్రిల్ విశ్వాస తీర్మానం. 17వ తేదీన ఓటింగ్, వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో ఒక్క ఓటుతో పడిపోయింది. స్పీకర్ స్థానంలో మన జీఎంసీ బాలయోగి గారు. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీగా రాజీనామా చేయని గిరిధర్ గమాంగ్ ఓటు వేయొచ్చా లేదా అన్న పేచీ వస్తే స్పీకర్ దాన్ని గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. జైపాల్ అప్పుడు జనతాదళ్, మహబూబ్‌నగర్ సభ్యుడు. ప్రభుత్వం నిలుస్తుందో లేదో ఎవరికీ తెలియని సభ అది. అలాంటి రోజున మాటల బరువు ఎలా ఉంటుందో చూడు. విప్ ఉంటే ప్రసంగం ఎవరికి అన్నావు కదా, ఆ చర్చ చదివాక మళ్లీ అడుగు.

గోదావరి_శ్రీ
చదివేటప్పుడు బ్రాకెట్లో "అంతరాయాలు" అని ఉన్నచోట్లు కూడా గమనించు బాబూ. ఆయన ప్రసంగాల్లో ఎవరు ఎప్పుడు అడ్డుపడ్డారో, ఆగి జవాబు చెప్పి మళ్లీ వాక్యం ఎక్కడ అందుకున్నారో తెలుస్తుంది. నేను పిల్లలకు చూపించేది అవే. రాసుకొచ్చినది చదివేవాళ్లు అక్కడ తడబడతారు.

పాలమూరు_మట్టి
తమ్ముడూ, నీ పేపర్ల నాకొక్కటి కావాలె. 1984 నుంచి 1989 దాకా మహబూబ్‌నగర్ గురించి, వలస కూలీల గురించి, కృష్ణా నీళ్ల గురించి ఆయన ఏమన్న అడిగిండా? అడిగితే మంత్రి ఏమన్నడు? నాకు ఇంగ్లీషు అంత రాదు, నువ్వు తెలుగుల చెప్పు. అడిగి ఉంటే మా ఊళ్లె చదివి వినిపిస్త. అడగకుంటే అది గూడ చెప్త.

నిబంధన_377
@పాలమూరు_మట్టి అన్నా, దొరుకుతుంది. ప్రశ్నలు చర్చల సంపుటం మొదట్లోనే ఉంటాయి, రాత జవాబులతో సహా. జిల్లా పేరు పాత ఇంగ్లీషు స్పెల్లింగులు రెండు మూడు రకాలుగా వెతకాలి. 377వ నిబంధన కింద చదివిన నియోజకవర్గ సమస్యలు వేరే శీర్షికలో ఉంటాయి, అవి మర్చిపోవద్దు. సాధారణంగా స్థానిక సమస్యలు వచ్చేది అక్కడే.

వరంగల్_చదువరి
తప్పకుండా అన్నా. ముందు అదే చేస్తాను. 1985 బడ్జెట్ సమావేశాల నుంచి మొదలుపెడుతున్నాను, దొరికింది దొరికినట్టు ఇక్కడే తెలుగులో పెడతాను.

చేవెళ్ల_ఓటరు
ఒక్కడివే ఎంతని చదువుతావు. 1998–99 సంపుటాలు నాకు వదిలెయ్.

నడక_ఆగదు
పెట్రోలియం జవాబులు నేను చూస్తాను.

బెజవాడ_బాబాయ్
రాజ్యసభ ఎవరూ తీసుకోలేదు. నాకు ఇవ్వండి, రిటైరయ్యాను, టైముంది. 1990 నుంచి మొదలుపెడతా, ఉపేంద్ర గారి బిల్లు మీద ఎవరేమన్నారో కూడా చూస్తా.